40 బస్తాల ట్రాలీకి 31 బీప్‌లు

మొన్న మార్చిలో, మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ సేటు పొద్దున ఏడు కాకముందే ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు పెట్టిన గేటు లెక్క కుదుర్తలేదు. నలభై బస్తాలు పోతే ముప్పై ఒకటి అంటది, ఎనకొచ్చిన ట్రాలీకి యాభై రెండు అంటది. దీనికన్నా మా గుమాస్తా నయం గదా, తప్పు రాసినా రోజూ ఒక్క తీరుగ రాస్తడు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. బస్తాలకు కుట్టిన ట్యాగులను చదివి లెక్కపెట్టే ఆ గేటు పెట్టింది నేనే, అప్పటికి పది రోజులే అయింది. నేను ఉండేది హన్మకొండలో, చేసేది బార్‌కోడ్ ప్రింటర్లు, ఆర్ఎఫ్ఐడీ రీడర్లు (రేడియో తరంగాలతో ట్యాగులను చదివే మిషన్లు) అమ్మి బిగించే పని. బట్టల షాపుల్లో, లైబ్రరీల్లో బిగించిన అనుభవం ఉంది కాబట్టి బస్తాలేముంది లే, ట్యాగు ట్యాగే కదా అనుకున్నాను. ఆ తర్వాత వారం రోజులు ఆ రేకుల షెడ్డులో మాస్కు కట్టుకుని, తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ ఏమేం మార్చానో రాసిపెడుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను పడ్డ తిప్పలు కొన్నైనా తప్పుతాయి.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఈ ట్యాగులో బ్యాటరీ ఉండదు. రీడర్ యాంటెనా నుంచి వచ్చే తరంగం నుంచే దానికి కావాల్సినంత కరెంటు తీసుకుని, అదే తరంగాన్ని తిప్పికొడుతూ తన నంబర్ చెబుతుంది. మీ కారు అద్దం మీదున్న ఫాస్టాగ్ చేసే పనీ ఇదే. అంటే ట్యాగు కనపడకపోతే మూడే కారణాలు: దానికి సరిపడా కరెంటు అందలేదు, అందినా మాట్లాడే వంతు రాలేదు, మాట్లాడినా రీడర్‌కు వినపడలేదు. నేను చేసిన తప్పల్లా, ఏం తేడా వచ్చినా మొదటి కారణమే అనుకోవడం.

అందుకే బిగించిన రోజే పవర్ పూర్తిగా పెంచి పెట్టాను. 33 డీబీఎం (రేడియో పవర్‌కు కొలత). ఎక్కువ పవరిస్తే ఎక్కువ చదువుతుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను, తెలిసి కూడా. ఆ 52 అక్కడి నుంచే వచ్చింది. ట్రాలీలో ఉన్నవి 40 అయితే, గేటుకు అవతల షట్టర్ వెనక లోపలికి పోవడానికి పేర్చి ఉంచిన నెట్టులోంచి ఇంకో 12 పలికాయి. రేకుల షెడ్డులో తరంగం నేరుగా పోయి ఊరుకోదు, గోడకు కొట్టిన బంతిలా తిరుగుతుంది. యాంటెనా ఇటు చూస్తున్నా వెనకున్న బస్తా పలుకుతుంది, ముందున్నది పలకదు. 866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు, కాబట్టి నేరుగా వచ్చినదీ రేకుకు తగిలి వచ్చినదీ ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట ట్యాగు ఉంటే అది మూగదే. జానెడు పక్కకు జరిపితే మళ్లీ మాట్లాడుతుంది. పవర్ పెంచితే ఈ మూగ చోట్లు పోవు, దూరంగా ఉండి మనకు అక్కర్లేనివి మాత్రం ఇంకా గట్టిగా పలుకుతాయి.

ఇక్కడ లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. 3 డీబీ తగ్గిస్తే పవర్ సగమవుతుంది, చదివే దూరం మాత్రం సగం కాదు, 70 శాతం దాకా ఉంటుంది. దూరం సగం కావాలంటే 6 డీబీ తగ్గించాలి. 33 నుంచి 27కు దింపాను, అంటే 2 వాట్ల నుంచి అర వాట్‌కు. వెనక నెట్టు నోరు మూసుకుంది. అసలు మన దగ్గర 33 పెట్టడమే తప్పు, ఆ సంగతి ఇప్పుడే చెబుతాను.

లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన దేశంలో ఆర్ఎఫ్ఐడీకి 2005లో ఇచ్చింది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్. 2021లో దాన్ని 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు, అంటే 30 డీబీఎం. యాంటెనా బలం కూడా కలుపుకుని బయటికి పోయేది 4 వాట్లు దాటకూడదు. నా రీడర్ పెట్టెలోంచి తీసినప్పుడు ఏ ప్రాంతానికి సెట్టయి ఉందో చూడనేలేదు. సేటు ఫోన్ చేశాక చూస్తే అమెరికా, 902 నుంచి 928. మన దగ్గర ఆ మెగాహెర్ట్జ్‌ల్లో మొబైల్ కంపెనీల వాడకం ఉంది. అంటే ఇన్ని రోజులూ నేను ఒక పక్క ఫోన్ల గోలలో ట్యాగులను వెతుకుతూ, ఇంకో పక్క ఫోన్లను కెలుకుతూ ఉన్నానన్న మాట. అదృష్టం, ఎవరూ వచ్చి అడగలేదు. ఇండియాకు మార్చాను. మీ రీడర్ మెనూలో ఇండియా లేకపోతే యూరప్ పెట్టుకోండి, అది 865.6 నుంచి 867.6, మన హద్దులోనే ఉంటుంది. ట్యాగులు కొనేటప్పుడు కూడా ఏ ఫ్రీక్వెన్సీకి చేసినవో అడగండి. 915 చుట్టూ బాగా పలికేలా చేసిన ట్యాగు 866 దగ్గర కాస్త నీరసంగా పలుకుతుంది, చౌకగా దొరికే రోల్స్‌లో ఇవే ఎక్కువ తగులుతున్నాయి.

తర్వాత కేబుల్. ఇది సెట్టింగ్ కాదు, కానీ దీన్ని వదిలేసి సెట్టింగులు ఎన్ని తిప్పినా దండగే. కుడి పక్క రెండు యాంటెనాలకు నేను వాడింది దుకాణంలో అప్పటికప్పుడు దొరికిన సన్నని ఆర్‌జీ-58, 15 మీటర్లు, అందులో సగం గోడ మీద చుట్ట చుట్టి వేలాడుతోంది. ఈ ఫ్రీక్వెన్సీలో ఆ కేబుల్ 15 మీటర్లకు నాలుగింట మూడొంతులకు పైగా పవర్ తినేస్తుంది. పోయేటప్పుడు ఒకసారి, ట్యాగు జవాబు తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి. ఎడమ పక్క చిన్న కేబుల్ కాబట్టి ఎడమవైపు బస్తాలన్నీ పలుకుతూ కుడివైపువి తప్పిపోతున్నాయి, నేనేమో పది రోజుల నుంచి ఆ కుడి యాంటెనాను అటూ ఇటూ వంచుతూ ఉన్నాను. లావు కేబుల్, కావాల్సినంతే కోసి వేశాక సగం గొడవ తీరింది.

సగమే. 40కి 35, 36 వస్తున్నాయి. సేటు రోజుకోసారి వచ్చి కంప్యూటర్‌లోకి తొంగి చూసి, "ఇంకా నాలుగు బస్తాలు ఎవరింటికి పోయినట్టు" అని పోతున్నాడు.

అసలు ఆట ఇక్కడి నుంచి మొదలైంది. గేటుకు నాలుగు యాంటెనాలు, పక్కకు రెండేసి. రీడర్ ఒకేసారి నాలుగింటినీ వాడదు, ఒకటి తర్వాత ఒకటి తిప్పుతుంది. ఒక్కో దాని మీద ఎంతసేపు ఆగాలన్నది ఒక సెట్టింగ్. నాది ఒక సెకను ఉంది. అంటే ఒక యాంటెనాకు మళ్లీ వంతు రావడానికి నాలుగు సెకన్లు. ట్రాక్టర్ నడిచినంత వేగంతో గేటు దాటుతుంటే ఒక బస్తా ఒక యాంటెనా ముందుండేది సెకనో, సెకనున్నరో. దాని వంతు రాకముందే బస్తా దాటిపోయింది. షాపుల్లో మనిషి గేటు దగ్గర నిలబడతాడు, నెమ్మదిగా పోతాడు, అందుకే అక్కడ ఈ సంగతి బయటపడలేదు. 150 మిల్లీసెకన్లకు దింపాను. నాలుగూ కలిపి ఆరు వందలు, ఏ బస్తాకైనా కనీసం ఒకసారి, చాలావాటికి రెండుసార్లు వంతు వస్తుంది. మరీ 50కి దింపితే మాత్రం ఒక రౌండు పూర్తి కాకముందే యాంటెనా మారిపోయి లెక్క మళ్లీ పడిపోయింది. మీ గేటు వేగాన్ని బట్టి మీరే చూసుకోవాలి.

క్యూ అని ఇంకొకటి ఉంటుంది. ట్యాగులన్నీ ఒకేసారి అరిస్తే రీడర్‌కు ఏదీ అర్థం కాదు కాబట్టి ప్రతి ట్యాగూ ఒక చీటీ తీసుకుంటుంది. క్యూ 4 అంటే రెండును నాలుగుసార్లు గుణించినన్ని, 16 చీటీలు. 40 ట్యాగులు 16 చీటీల్లోంచి తీస్తే ఒకే నంబర్ ఇద్దరికి, ముగ్గురికి వస్తుంది, ఆ నంబర్ పిలిచినప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడి అందరూ పోతారు. చీటీలు ట్యాగుల సంఖ్యకు దగ్గరగా ఉంటేనే పని బాగా సాగుతుంది. క్యూ 5 అంటే 32, 6 అంటే 64. చాలా రీడర్లు దీన్ని వాటంతట అవే సర్దుకుంటాయి, కానీ 4 నుంచి మొదలుపెట్టి సర్దుకోవడానికి పట్టే సమయం కూడా ట్రాలీ పోతున్న సమయంలోంచే పోతుంది. నేను మొదలే 5 పెట్టి, తర్వాత దాని ఇష్టానికి వదిలేశాను. 7 పెట్టి చూస్తే ఖాళీ చీటీలు పిలుచుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు సెషన్లు. ఈ ఒక్క దాని గురించి ఎవరైనా ముందే సరిగ్గా చెప్పి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి.

ప్రతి ట్యాగులో నాలుగు సెషన్లకు నాలుగు వేర్వేరు జెండాలుంటాయి, ఎస్0 నుంచి ఎస్3 దాకా. ఒక్కో జెండా 'ఏ' (A) వైపైనా ఉంటుంది, 'బీ' (B) వైపైనా ఉంటుంది. రీడర్ "'ఏ' వైపున్నవాళ్లు పలకండి" అంటుంది, పలికిన ట్యాగు జెండా బీకి తిప్పుకుని ఊరుకుంటుంది, అప్పుడు మిగతావాళ్లకు వంతు దొరుకుతుంది. తేడా అంతా ఆ జెండా ఎంతసేపు బీలో ఉంటుందన్న దాంట్లోనే. ఎస్0లో కరెంటు పోగానే తిరిగి 'ఏ'కు వస్తుంది, అంటే యాంటెనా మారిన ప్రతిసారీ చాలా ట్యాగులు మళ్లీ మొదటికొస్తాయి. ఎస్1లో అర సెకను నుంచి ఐదు సెకన్ల లోపు, కరెంటు ఉన్నా లేకున్నా, తిరిగి వస్తుంది. ఎస్2, ఎస్3లలో కరెంటు ఉన్నంతసేపూ బీలోనే, పోయాక కూడా కనీసం రెండు సెకన్లు, చాలా చిప్పుల్లో అంతకన్నా ఎక్కువే.

నాది ఎస్0లో ఉంది. లాగ్ తీసి చూశాను. ఒక ట్రాలీలో యాంటెనాకు దగ్గరగా ఉన్న ఒక బస్తా మూడు సెకన్లలో 44 సార్లు పలికింది. పెళ్లిలో ముందు వరుసలో కూర్చున్నాయనే మళ్లీ మళ్లీ వడ్డించుకుంటే వెనక పంక్తికి కూర అందనట్టు, గట్టిగా వినపడే నాలుగు ట్యాగులే సమయమంతా తినేస్తున్నాయి, నడుమ ఉన్న నీరసపు ట్యాగులకు నోరు విప్పే వీలే లేదు. ఎస్2 పెట్టి, 'ఏ' వైపునే అడగమని పెట్టాను. మొదటి ట్రాలీకి 39. రెండోదానికి 40. హమాలీ మేస్త్రిని పిలిచి మరీ చూపించాను.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకే. గేటు దాటిన ట్రాలీ పది మీటర్ల దూరంలో ఉన్న కాంటా దగ్గరికి పోతుంది, అక్కడ ఇంకో రీడర్ ఉంది. కాంటా మీద దాదాపు సున్నా. 40 బస్తాలు కళ్ల ముందు ఉన్నాయి, స్క్రీన్ మీద ఒకటో రెండో. కేబుల్ ఊడిందేమోనని నిచ్చెనెక్కి చూశాను, రీడర్ ఆపి వేశాను, చేతిలో ఒక కొత్త ట్యాగు పట్టుకుని ఊపితే బ్రహ్మాండంగా పలుకుతోంది. బస్తాలు మాత్రం మౌనవ్రతం. కాంటా వేసే దడ్వాయి నన్ను చూసి, "నీ మిషిన్ అన్నం టైముకు పండుకుంటదా అన్నా" అన్నాడు.

అరగంట తర్వాత వెలిగింది. కాంటా రీడర్ కూడా ఎస్2లోనే ఉంది. గేటు దగ్గర పలికిన ట్యాగుల ఎస్2 జెండాలు ఇంకా బీలోనే ఉన్నాయి, కాంటా రీడరేమో 'ఏ' వైపున్నవాళ్లే పలకండి అంటోంది. పలకడానికి ఎవరూ లేరు. కాంటాను ఎస్3కి మార్చాను, అది వేరే జెండా కాబట్టి గేటు దగ్గర ఏం జరిగినా దానికి పట్టదు. ఒక్కసారిగా అన్నీ పలికాయి. నాలుగు జెండాలు పెట్టింది దీనికోసమే, ప్రమాణాన్ని రాసినవాళ్లు ఇదంతా ఎప్పుడో ఆలోచించారు, నేనే చదవలేదు.

రెండు రీడర్లు ఒకదాని గొంతు ఒకదానికి అడ్డం రాకుండా రెండింటినీ మిల్లర్ 4కు మార్చాను, ట్యాగు తన జవాబును కోడ్ చేసి చెప్పే తీరుల్లో అదొకటి. ఎఫ్ఎం0 అనే ఇంకో తీరు కన్నా నెమ్మదిగా చదువుతుంది, కానీ చుట్టూ గోల ఉన్నా తప్పు వినదు. ఖాళీ ఆవరణలో ఒకే రీడర్ ఉంటే ఇది అక్కర్లేదు.

ఇంత చేసినా రోజుకు ఒకటో రెండో ట్రాలీల్లో బస్తాలు తప్పుతూనే ఉన్నాయి, అవీ ఎప్పుడూ నడుమ ఉన్నవే. దీనికి మందు సెట్టింగుల్లో దొరకలేదు. ట్యాగును బస్తా మూతి కుట్టులో పెట్టి కుడతారు. మేస్త్రి ఒక రోజు నా పక్కన నిలబడి, "మూతి ఎటుంటే గది అటే మాట్లాడ్తదా" అని అడిగాడు. అవునన్నాను. వెంటనే తన వాళ్లకు అరిచి చెప్పాడు. ట్రాలీ వెడల్పుకు రెండు బస్తాలు అడ్డంగా, అడుగులు నడుమ ఆనించి, మూతులు బయటికి. అలాంటివి పొడవుకు ఐదు, ఎత్తుకు నాలుగు వరుసలు. సరిగ్గా 40. ప్రతి మూతీ ఎడమ యాంటెనాల వైపో, కుడి యాంటెనాల వైపో చూస్తోంది. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసేవాళ్లు, కొన్ని మూతులు రెండు బస్తాల నడుమ మిర్చికి ఒత్తుకుని ఉండిపోయేవి. నేను చేసిన మార్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క అరుపు ఒక ఎత్తు. బిల్లులో మాత్రం నా పేరే ఉంది.

అప్పుడు కొత్త సమస్య, ఈసారి ఎక్కువ వైపు. 40కి 41. రోజుకు మూడు నాలుగు సార్లు, అదీ సరుకు డీసీఎంలో వచ్చినప్పుడే, ట్రాక్టర్లకు రాదు. ఆ అదనపు నంబర్ తీసి చూస్తే 34161తో మొదలవుతోంది, నా ట్యాగుల్లో అలాంటిది ఒక్కటీ లేదు. డీసీఎం ముందు అద్దం మీదున్న ఫాస్టాగ్! నర్సంపేట నుంచి, ములుగు నుంచి మిర్చి తెచ్చిన బండి తన టోల్ ట్యాగును కూడా నా లెక్కలో ఒక బస్తాగా రాయించుకుని పోతోంది. నా నంబర్ల మొదటి అంకెలతో మొదలయ్యేవాళ్లే పలకాలని రీడర్‌లోనే ఫిల్టర్ పెట్టేశాను. సాఫ్ట్‌వేర్‌లో తీసేసినా సరిపోతుంది, కానీ రీడర్‌లోనే ఆపితే అవి గాలిలో సమయం తినవు.

సిగ్నల్ బలం చూసి వడపోయడం కూడా చేశాను. మైనస్ 66 డీబీఎం కన్నా నీరసంగా వినపడినవాటిని లెక్కలోకి తీసుకోవద్దని. మొదట మైనస్ 60 పెట్టాను, దాంతో ట్రాలీ పై వరుసవి కొట్టుకుపోయాయి. బలం తక్కువ ఉంటే దూరంగా ఉన్నట్టే అని నమ్మకండి, రేకుల షెడ్డులో అది అబద్ధం ఆడుతుంది.

ఇంకా తేలనిది ఒకటుంది, అది బయటికి పోయే గేటు. లోపలి చలిలో నెలలు ఉన్న బస్తాను మే నెల ఎండలోకి తెస్తే గోనె మీద చెమట పడుతుంది. నీళ్లకు, ట్యాగుకు పడదు. తడి తరంగాన్ని మింగేస్తుంది, ట్యాగు శ్రుతి కూడా తప్పుతుంది. పొద్దున ఎండ ముదరకముందు తీసిన సరుకు బాగానే చదువుతోంది, మధ్యాహ్నం తీసినవాటిలో ట్రాలీకి మూడు నాలుగు పోతున్నాయి. చపాట మిర్చి బస్తాలైతే ఇంకాస్త ఎక్కువే పోతున్నట్టు అనిపించింది, లెక్కగట్టి చూడలేదు. ఆ ఒక్క గేటుకు పవర్ 29కి పెంచాను, కొంచెం నయం. ట్యాగును కుట్టులో పూర్తిగా దూర్చకుండా, సగం బయటికి జెండాలా వేలాడేలా కుట్టించి చూస్తే ఇంకా నయం, కానీ హమాలీలు బస్తా లాగేటప్పుడు కొన్ని చిరిగిపోతున్నాయి. వచ్చే సీజన్‌కు కాస్త మందం అట్ట ట్యాగులు తెప్పించి ప్రయత్నించాలి. అప్పటిదాకా బయటి గేటు దగ్గర గుమాస్తా చిట్టానే ప్రమాణం.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. పొద్దున సేటు ఫోన్, మళ్లీ అదే ముప్పై ఒకటి. పరుగెత్తుకుంటూ పోయి చూస్తే రీడర్ తిరిగి ఎస్0కి, 33కి, అమెరికాకు పోయి కూర్చుంది. నేను మార్చినవన్నీ పనిచేస్తున్నాయి కదా అనుకున్నానే గానీ, శాశ్వతంగా దాచుకోమని చెప్పే బటన్ ఒక్కసారీ నొక్కలేదు. మళ్లీ అన్నీ పెట్టి, సేవ్ కొట్టి, ఫ్యూజు పీకి వేసి రెండుసార్లు సరిచూసుకున్నాను. ఇప్పుడు రీడర్ పెట్టె మూత లోపల మార్కర్‌తో రాసి ఉంది: ఇండియా, 27, ఎస్2, క్యూ 5, 150, మిల్లర్ 4. దాని కింద మేస్త్రి రాయించిన ఇంకో లైను, మూతులు బయటికి.